పాతిక రాయికి పేరు పెట్టిన వైనం

అందరూ ఆయన్ని పాతిక అంటారు. కళ్లద్దాల పవరు పావు పావు చొప్పున పెరుగుతుంది. ఆ పావుని ఆయన పాతిక అంటాడు. డాక్టరు చీటీలో ఒకటిన్నర అని ఉండి, ఒకటిన్నర బిళ్లలు నిండుకున్నాయనుకోండి, పక్క షాపువాడు ఒకటీ ముప్పావు బిగించి "రెండ్రోజుల్లో అదే అలవాటైపోతుందండీ" అంటాడు. పాతిక అనడు. "పాతిక తేడా కూడా తేడానే. బిళ్లలొచ్చాక రండి" అంటాడు. ఆగే ఓపిక లేనివాళ్లు పక్క షాపుకి పోతారు. అందుకే పక్క షాపులో ఏసీ ఉంది, పాతిక షాపులో బల్లఫ్యాను ఉంది. అదీ తల ఒకవైపే తిప్పుతుంది.

బిళ్లలు అరగదీసీ అరగదీసీ ఆయన వేళ్ల కొసలు నున్నగా అయిపోయాయి. కొత్త ఫోను వేలిముద్ర అడిగితే ఆయన్ని సొంతదారుగా ఒప్పుకోదు.

పెళ్లయిన కొత్తలో, ఎవరో పాత షోరూము పడగొడుతుంటే మందపాటి అద్దం పలకలు రెండు తెచ్చుకున్నాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో గరుకుపొడి చల్లి, నీళ్లు పోసి రుద్దడం మొదలుపెట్టాడు. అలా రుద్దగా రుద్దగా పై పలక గిన్నెలా గుంటపడుతుంది, కింది పలక ఉబ్బుతుంది. గుంట సరిగ్గా కుదిరితే అది టెలిస్కోపు అద్దం. ఎవరూ నేర్పలేదు. మొదటి జత పాడుచేసి, రెండో జత మీద నేర్చుకున్నాడు.

"ఆ అద్దం చుట్టూ తిరిగినట్టు నా చుట్టూ తిరిగి ఉంటే, ఈపాటికి నేనూ తళతళలాడుతుండేదాన్ని" అని ఆయన భార్య ఇప్పటికీ అంటుంది.

ఆవిడ తమ్ముడికి లేతు వర్క్‌షాపు ఉంది. చెయ్యి మంచిది, నోరు అంతకంటే పెద్దది. టెలిస్కోపుకి స్టాండూ, ఆకాశంతో పాటు మెల్లగా తిప్పే పళ్లచక్రాలూ, పట్టాల మీద పక్కకి జరిగే రేకుల కప్పూ అతనే చేశాడు. చేసినంతసేపూ మాట్లాడాడు. షెడ్డు పెట్టడానికి చుట్టుపక్కల ఎత్తుగా, చీకటిగా ఉన్నది గ్రంథాలయం మేడ ఒక్కటే. గ్రంథాలయం చైర్మన్ గారు రిబ్బను కత్తిరిస్తూ ఫొటో దిగి, నోటిమాటగా అనుమతి ఇచ్చాడు. కాగితం అడిగే తెలివి బావాబామ్మర్దులిద్దరిలో ఏ ఒక్కరికీ లేకపోయింది.

వాళ్ల పని చెప్పుకోడానికి చాలా చిన్నది. మేడ మీద కెమెరా ఆకాశంలో ఒకే ముక్కని కాస్త కాస్త ఎడంతో ఫొటోలు తీస్తుంది. మధ్యాహ్నం షాపులో ఈగలు తప్ప ఎవరూ లేనప్పుడు పాతిక వాటిని కంప్యూటరులో మార్చి మార్చి చూస్తాడు. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా చుక్క జరిగితే, అది చాలామటుకు కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే రాళ్లలో ఒకటి. దాదాపు ప్రతిసారీ అది ఎవరో ఎప్పుడో పట్టేసిన రాయి అని తేలుతుంది. ఒక్కసారి తేలలేదు.

కొత్త రాయికి ముందు తాత్కాలిక గుర్తు ఇస్తారు. కనపడిన సంవత్సరం, ఒకటి రెండు అక్షరాలు, పక్కన అంకె. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ చేతికి కట్టే చీటీ లాంటిది. ఆ రాయి ఏటేటా మళ్లీ కనపడి, ఏ దారిన పోతోందో ఖాయమైతే గానీ శాశ్వత నంబరు రాదు. నంబరు వచ్చాక పేరు సూచించే హక్కు కనిపెట్టినవాళ్లది, ఒప్పుకునేది అంతర్జాతీయ కమిటీ. పాతికకి ఆ హక్కు వచ్చేసరికి జుట్టు తెల్లబడింది. ఈలోగా రెండో చుక్క ఒకటి దొరికింది. అది ఈ సీజనులో మరోసారి కనపడకపోతే దాని దారి చెప్పలేం, పోగొట్టుకున్నట్టే. అందుకని పాతిక ధ్యాసంతా రెండోదాని మీద ఉంది. వీధి ధ్యాస మాత్రం మొదటిదాని మీద పడింది.

ఆకాశంలో ఉచితంగా పేరు పెడతారని తెలిస్తే జనం ఊరుకుంటారా? ఫర్నిచర్ షాపాయన వచ్చి తన షాపు పేరు పెడితే మంచి కుర్చీ ఇస్తానన్నాడు. వ్యాపార ప్రకటనలు కుదరవని పాతిక చెప్పాడు. కవి గారొచ్చి బిరుదులతో సహా తన పేరు చెప్పాడు. ఇంగ్లీషులో పదహారు అక్షరాలు దాటకూడదని పాతిక చెప్పాడు.

"బిరుదులు తీసేస్తే ఇంక నేనేమిటయ్యా?" అన్నాడు కవి గారు.

"కమిటీ కూడా అదే అడుగుతుందండీ" అన్నాడు పాతిక. ఎకసెక్కెం కాదు, నిజంగానే అన్నాడు.

ఎదురింటావిడ తన పిల్లి పేరు పెట్టమంది. ఇదివరకు ఒకాయన అలాగే పెట్టాడు, అప్పట్నుంచీ పెంపుడు జంతువుల పేర్లు వద్దంటున్నారు. "మా పిల్లి మీ ఆయన కంటే బుద్ధిమంతురాలు" అని ఆవిడ పాతిక భార్యతో చెప్పి వెళ్లిపోయింది.

ఇంతకీ పాతిక ఏమైనా ముని అనుకునేరు. ఒక మధ్యాహ్నం చీటీ మీద తన పేరు ఇంగ్లీషులో రాసుకుని వేలితో అక్షరాలు లెక్కపెట్టుకుంటుంటే భార్య చూసింది.

"ఎన్నొచ్చాయి?"

"సరిపోయాయి. కానీ కనిపెట్టినవాడు తన పేరు తనే పెట్టుకోవడం మర్యాద కాదట."

"అయ్యో పాపం" అంది. ఆ వారమంతా ఆయన్ని పేరుపెట్టి పిలిచింది, పెళ్లయ్యాక ఎన్నడూ లేనిది.

అప్పుడొచ్చాడు చైర్మన్ గారు. కౌన్సిలరుగా రెండుసార్లు నిలబడి, రెండుసార్లూ జనం కూర్చోబెట్టిన మనిషి. మూడోసారి నిలబడే ఊపులో ఉన్నాడు.

"ఏవయ్యా పాతికా, రాయి దొరికిందట?"

"దొరికి చాన్నాళ్లయిందండీ. నంబరు ఇప్పుడొచ్చింది."

"ఎంత ఉంటుంది?"

"రెండు మూడు కిలోమీటర్లు ఉండొచ్చండీ."

"ఎన్ని ఎకరాలు?"

పాతిక వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. బావమరిది అందుకున్నాడు. "బోలెడు సార్. కాకపోతే రోడ్డు లేదు."

"వేయిద్దాం" అన్నాడు చైర్మన్ గారు, అలవాటుకొద్దీ. తర్వాత అసలు సంగతికొచ్చాడు. "మేడ మాది, రాయి మీది. మేడ లేకపోతే మీకు రాయి ఎక్కడిది? నా పేరు పెట్టడం న్యాయం."

పాతిక నోరు తెరిచేలోగా బావమరిది "మీ పేరే సార్, ఇంకెవరి పేరు" అనేశాడు. మర్నాటికల్లా గ్రంథాలయం గోడ మీద పెద్ద ఫ్లెక్సీ లేచింది. చైర్మన్ గారు నమస్కారం పెడుతున్నాడు, వెనకాల శనిగ్రహం చుట్టూ వలయం తిరుగుతోంది. రాళ్లకి వలయం ఉంటుందా అని ఫ్లెక్సీవాణ్ని ఎవరూ అడగలేదు.

పాతిక బావమరిదిని వెంటబెట్టుకుని గ్రంథాలయానికి వెళ్లాడు, నియమం చెప్పడానికి. రాజకీయాల వల్ల పేరు తెచ్చుకున్నవాళ్లదీ, యుద్ధాల వల్ల పేరు తెచ్చుకున్నవాళ్లదీ పెట్టాలంటే వాళ్లు పోయి నూరేళ్లు గడవాలి.

చైర్మన్ గారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. "నేను రాజకీయ నాయకుణ్ని కాదు. ప్రజాసేవకుణ్ని."

"ఆ మాట అనేది వాళ్లేనని కమిటీకి తెలుసు సార్" అన్నాడు బావమరిది.

"అయితే నన్నేం చెయ్యమంటావు? చావమంటావా?"

"చచ్చినా నూరేళ్లు ఆగాలండీ" అన్నాడు పాతిక, దాచడం తెలియక.

చైర్మన్ గారు వంశంలోకి దిగాడు. నాన్న? రెండు పార్టీల్లో ఒకేసారి ఉన్న మనిషి. తాత? ఎన్నికలో ఓడి, గెలిచినవాడి మీద కేసు వేసినవాడు. తమ్ముడు? వాడి పేరున బంగారం కొట్టు ఉంది, ప్రకటన కిందికి వస్తుంది.

"మరి మేడం గారు?" అన్నాడు బావమరిది.

"మా ఆవిడా? ఆవిడేం చేసిందని?" చైర్మన్ గారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. కాసేపటికి మొహం వెలిగింది. "మా ముత్తవ్వ! మహాదాత. ఆవిడ పుణ్యాన వందల ఇళ్లలో జనం తిన్నారని మా నాన్న ప్రతి సభలోనూ చెప్పేవాడు. రాజకీయం వాసన లేదు. ఆవిడ పేరు పెట్టు. కింద 'ఫలానావారి ముత్తవ్వ' అని నా పేరు రాయి."

"ఆవిడ పేరేమిటండీ?"

చైర్మన్ గారు ముందు తమ్ముడికి ఫోను చేశాడు. తర్వాత చిన్నాన్నకి. తర్వాత పెళ్లిళ్లలో తప్ప పలకరించని చుట్టాలకి. మహాదాత అని అందరికీ తెలుసు, పేరు ఏ ఒక్కరికీ తెలియదు. వాళ్లలో సగంమంది "అయినా రాయి ఎవరిదంటావు, వాటా ఉందా?" అని అడిగారు.

చివరికి మిగిలింది చైర్మన్ గారి మేనత్త. ఆ ఇంటికి పెద్దదిక్కు, ఆమె మాట దాటి ఆ ఇంట్లో స్విచ్చి కూడా పడదు. ఆమె కళ్లద్దాల కాలు విరిగి దారంతో కట్టుకుని తిరుగుతోంది కాబట్టి, కారులో పాతిక షాపుకే తీసుకొచ్చాడు.

పాతిక ఆమె కళ్లద్దాలు తీసుకుని మర బిగిస్తుంటే చైర్మన్ గారు అడిగాడు. "అత్తా, ముత్తవ్వ పేరేంటి? మన మహాదాత."

"దాతా? ఎవర్రా చెప్పింది?"

"నాన్న. వందల ఇళ్లలో జనం తిన్నారని."

"తిన్నారు. వాళ్ల గింజలే వాళ్లు తిన్నారు." మేనత్త నవ్వింది. "మా నాయనమ్మ ఇంటింటికీ తిరిగి తిరగళ్లకి గంట్లు కొట్టేది. తిరగలి అరిగిపోతే గింజ జారిపోతుంది గానీ నలగదు. అప్పుడు దాన్ని పిలిచేవాళ్లు. ఉలీ సుత్తీ పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. గంట్లవ్వ అనేవాళ్లు."

"అది కాదత్తా, అసలు పేరు."

"అదేరా పేరు. ఇంకో పేరుతో దాన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. పిలిస్తే అది పలికేదీ కాదు."

పాతిక చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. "అమ్మా, గంట్లు అంతటా ఒకే లోతా?"

"ఎలా కుదురుతుంది నాయనా? మధ్యలో లోతు, అంచుకి పోయేకొద్దీ తేలిక. అంచు దగ్గర కూడా లోతుగా కొడితే పిండి రాదు, నూక రాలుతుంది. నేను చిన్నప్పుడు ఒకసారి కొట్టి చూపించి, నెత్తిన మొట్టికాయ తిన్నాను."

"కొట్టాక వెంటనే విసరొచ్చా?"

"మొదటి వాయి పారబొయ్యాలి. రాతిపొడి ఉంటుంది."

"మేమూ అంతేనమ్మా. గరుకుపొడి మార్చేముందు పలక కడుక్కోకపోతే, పాత పొడి ఒక్క రేణువు మిగిలినా గీత పడుతుంది."

"నువ్వూ రాళ్లు అరగదీస్తావా?"

"అద్దాలమ్మా. రెండు పలకలు, మధ్యలో పొడి."

"అదే మరి" అంది మేనత్త, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూసి.

చైర్మన్ గారికి ఒళ్లు మండింది. అత్తని కారులో కూర్చోబెట్టి మళ్లీ లోపలికి వచ్చాడు. "విన్నదంతా మర్చిపో. గంట్లవ్వేంటి, ఆకాశంలో? జనం నవ్వరూ? ఏదో ఒక దేవి అని పెట్టు. మహాదాత అని రాయి."

"ఏ దేవండీ?"

"ఏదో ఒకటి! దేవతల పేర్లు పెడతారని మీవాడే చెప్పాడుగా."

"మొదట్లో పెట్టారండీ. అవి అయిపోయాక మనుషుల్లోకి వచ్చారు."

"చూడు పాతికా. దేవి అయితే మేడ నీది. గంట్లవ్వ అయితే షెడ్డు దించుకో." అని వెళ్లిపోయాడు.

ఆయన కారు మలుపు తిరగ్గానే బావమరిది మొదలుపెట్టాడు. "బావా, ఒక్క ముక్క. ఒక్క దేవి. కుజుడి అవతల ఎవడు చూడొచ్చాడు? మేడ పోతే రెండో చుక్క గతేంటి? ఈ సీజను దాటితే దాన్ని మళ్లీ పట్టగలమా?"

"పట్టలేం."

"మరి?"

పాతిక షాపు షట్టరు దించాడు. మూడు రోజులు ఏ పేరూ పంపలేదు. పేరుతో పాటు ఆ పేరు ఎవరిదో, ఏం చేసిందో కమిటీకి రెండు మూడు వాక్యాల్లో రాసి పంపాలి. ఆయన దేవి అని ఒకసారి టైపు చేశాడు కూడా. దాని కింద 'మహాదాత' అని కొట్టి, ఆ మాట కాసేపు చూసి, చెరిపేశాడు.

"ఏమైంది?" అంది భార్య.

"చీటీలో ఒకటుంటే ఇంకోటి బిగించినట్టుంది."

"ఎవరికీ తెలీదుగా."

"పెట్టుకున్నవాడికి కళ్లు తిరుగుతాయి."

"మేడ పోతే అద్దం మళ్లీ ఇంట్లోకే వస్తుంది, నా మంచం పక్కకి. ఆ సంగతి ఆలోచించుకునే పంపండి" అంది. అద్దానికి చోటు కోసం మంచం ఎటు జరపాలో చూస్తూనే అంది.

పాతిక గంట్లవ్వ అని పంపాడు. ఇంటింటికీ తిరిగి తిరగళ్లకి గంట్లు కొట్టిందనీ, మధ్యలో లోతుగా అంచున తేలికగా కొట్టేదనీ రాశాడు. బావమరిది వెళ్లి చైర్మన్ గారితో "మీరు చెప్పినట్టే అయింది సార్" అని చెప్పి వచ్చాడు. ఎందుకురా అంటే, "నిజం బయటపడేదాకా చుక్కని చూసుకోవచ్చు బావా" అన్నాడు. ఆ ఒక్కసారికి పాతిక అతని నోటిని తిట్టలేదు. కానీ వారాల తరబడి మబ్బులు పట్టి చుక్క కనపడనే లేదు.

కమిటీ పేరుని ఒప్పుకుంది. పలకడానికి వీలుగా ఉంది, ఒకే మాట, అలాంటి పేరు ఇంకో రాయికి లేదు. వాళ్లకి కావలసింది అంతే. సంగతి తెలియగానే చైర్మన్ గారు సభ పెట్టాడు. ఏం ఒప్పుకున్నారో చూడలేదు. సభ పెట్టేవాళ్లు చదవరు కదా. పూలదండలు, మైకు, ముందువరసలో మేనత్త. వెనకవరసలో, గుమ్మం దగ్గరగా బావాబామ్మర్దులు. గ్రంథాలయం ఉద్యోగి కాగితం విప్పి చదివాడు. గంట్లవ్వ. తిరగళ్లు. ఉలి. మధ్యలో లోతు.

చైర్మన్ గారి మొహంలో రంగులు మారాయి. "బావా, షెడ్డు మేకులు ఊడదీసే రెంచి తెచ్చుకున్నావా?" అన్నాడు బావమరిది మెల్లగా.

అంతలో వెనకనుంచి ఎవరో ముసలాయన "మా ఇంటి తిరగలికి ఆవిడే కొట్టింది" అని చప్పట్లు కొట్టాడు. ఇంకొకరు కొట్టారు. హాలంతా కొట్టింది. చైర్మన్ గారు చప్పట్లు వినగలిగిన మనిషి. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"అవును! నాది ఉలి పట్టిన వంశం! గంట్లవ్వ మునిమనవణ్ని అని చెప్పుకోడానికి నేను సిగ్గుపడను!" సిగ్గుపడమని ఎవరూ అనలేదు. "ఈ పేరు పెట్టమని పట్టుబట్టింది నేనే!"

మేనత్త కొత్త కాలు బిగించిన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మేనల్లుణ్ని చూసింది.

"బావా, గట్టెక్కాం" అన్నాడు బావమరిది.

"అందుకే, ఆకాశంలో పేరున్న ఆ మహాశ్రమజీవికి ఇక్కడ విగ్రహం పెడుతున్నాను. ఎక్కడో మూలన కాదు, ఊరంతా కనపడేలా ఈ గ్రంథాలయం మేడ మీదే!"

చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. మేడ మీద విగ్రహానికి చోటు షెడ్డు ఉన్నచోటే. గంట్లవ్వ పేరు పెడితే మేడ పోతుందన్నాడు, పోయింది. కాకపోతే గౌరవంగా పోయింది.

వారం తిరక్కుండా షెడ్డు విప్పారు. అద్దాన్ని దుప్పటిలో చుట్టి పాతిక చంకన పెట్టుకున్నాడు, గొట్టాన్ని బావమరిదీ, వర్క్‌షాపు మనుషులూ తాళ్లతో మెట్ల మీదుగా దించారు. విగ్రహానికి కొలతలు తీసుకోడానికి వచ్చిన చైర్మన్ గారు "జాగ్రత్త, జాగ్రత్త" అని కిందనుంచి పర్యవేక్షించాడు. మేనత్త కారులో కూర్చుని ఉంది. విగ్రహానికి మొహం ఎలా ఉండాలో చెప్పమని ఆమెని తీసుకొచ్చారు.

"ఏం నాయనా, ఎక్కడికి మోసుకెళ్తున్నావు?"

"ఇంటికమ్మా. ఇక్కడ విగ్రహం వస్తుందిగా."

"ఎవరి విగ్రహం?"

"గంట్లవ్వదమ్మా."

"పనిముట్టు దించి దాని బొమ్మ పెడుతున్నాడా?" మేనత్త కారు తలుపు తీసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఇలా రా."

చైర్మన్ గారు వచ్చాడు.

"మన మేడ మీద నీ నీళ్లట్యాంకు తప్ప ఏముంది?"

"ఏమీ లేదత్తా."

"వీళ్లకి ఇవ్వు."

"మనింటి మీదా? అత్తా, పెద్దవాళ్లు వచ్చిపోయే ఇల్లు..."

"సభలో ఉలి పట్టిన వంశం అన్నావుగా. మరి చోటివ్వడానికేం?" వీధిలో నలుగురు ఆగారు. ఫ్లెక్సీవాడూ ఆగాడు. చైర్మన్ గారు నలుగురినీ చూసి, నవ్వు తెచ్చుకుని, "నేనూ అదే అనుకుంటున్నానత్తా" అన్నాడు.

షెడ్డు చైర్మన్ గారి మేడ ఎక్కింది. మబ్బులు విడిచాయి. సీజను దాటిపోకముందే రెండో చుక్క, ఉండాల్సిన చోటికి కాస్త పక్కగా కనపడింది. పాతిక ఆ కొలతలు పంపాడు. ఇంకొన్నేళ్లు చూస్తే గానీ దాని సంగతి తేలదు, తేలేదాకా చూడొచ్చు.

ఒకటే ఇబ్బంది. కింద దీపాలు వెలిగితే పైన చుక్కలు మసకబారతాయి. అందుకని సాయంత్రమైతే ఇంట్లోనూ వరండాలోనూ లైటు వెయ్యకూడదని మేనత్త హుకుం. పనుల మీద చైర్మన్ గారి దగ్గరికి వచ్చేవాళ్లు ఇప్పుడు చీకట్లో కూర్చుని చెప్పుకుంటున్నారు. మొహాలు కనపడవు. వచ్చింది ఎవరో తెలియాలంటే ఆయన ఒక్కొక్కరినీ పేరు అడగాల్సి వస్తోంది.